రైలు పట్టా మార్చాలంటే బండి ఆగాలి. ఎవరి బండి?

ఏప్రిల్‌లో ఒకరోజు అమ్మను హనుమకొండలో కంటి డాక్టరుకు చూపించాలని పొద్దున ఆరింటికే స్టేషన్‌కు చేరాం. మాది జమ్మికుంటకూ పెద్దపల్లికీ నడుమ ఉన్న చిన్న స్టేషన్. ఎక్స్‌ప్రెస్‌లు దుమ్ము లేపుకుంటూ పోతాయే తప్ప ఆగవు. మాకు దిక్కు ప్యాసింజరే. టికెట్ కిటికీ మూసి ఉంది. అద్దానికి లోపలి నుంచి అంటించిన కాగితం మీద చేతిరాతతో రెండు ముక్కలు రాసి ఉన్నాయి: లైను పని, బండి రద్దు.

అప్పటికే పదిహేను మంది దాకా వచ్చారు. తోటకూర, గోంగూర కట్టలు గంపలో పేర్చి పైన తడి గోనె కప్పుకుని వచ్చిన ఒక ముసలమ్మ నా పక్కనే నిలబడింది. ‘ఏమని రాసిండ్రు బిడ్డా?’ అని అడిగింది. చెప్పాను. గోనె ఒక మూల ఎత్తి కట్టలు చూసుకుంది. సీసాలో నీళ్లు అరచేతిలో పోసుకుని వాటి మీద చిలకరించింది. మళ్లీ గోనె కప్పి, గంప పక్కనే కూర్చుంది. రద్దయిందని తెలిసినా లేచి పోలేదు, ఎటు పోవాలో తోచక. ఆటోవాళ్లు ఎనిమిది తర్వాతే వస్తారు. అప్పటికి ఆకుకూర వాడిపోతుంది, కాజీపేటలో పొద్దుటి బేరం అయిపోతుంది.

అమ్మకు ఆ రోజు చూపించలేకపోయాం. మళ్లీ మూడు వారాలకు గానీ డాక్టరు టైము దొరకలేదు.

నాకు బాగా కోపం వచ్చింది. ఆ కోపాన్ని వెళ్లగక్కడానికి మనిషి కూడా చేతికి అందేంత దగ్గర్లో ఉన్నాడు. ఎందుకంటే, ఆ లైను పని చేసే గ్యాంగులో మా అక్క మొగుడు ఉన్నాడు. రాత్రి అన్నం దగ్గర పట్టుకున్నాను. ‘మీ పని కోసం మా బండే దొరికిందా బావా?’ అన్నాను. బావ ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. ‘బండి ఆపకుంటే పట్టా ఎట్ల మారుస్తం రా? నడిచే బండి కింద చెయ్యి వెట్టాల్నా?’ అన్నాడు. కొంచెం సేపాగి, ‘మీ బండి ఆపింది మాకోసమే అనుకుంటున్నవ్. మేం మూడు గంటలు అడిగితిమి. గంటన్నర ఇచ్చిండ్రు’ అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మా ప్యాసింజర్ పూర్తిగా రద్దయింది. పని చేసేవాళ్లకు అడిగిన టైములో సగమే దొరికింది. మిగతా టైము ఎటు పోయింది? అడిగితే తెలిసింది. వెనకబడిన ఎక్స్‌ప్రెస్ ఒకటి, దాని వెనక బొగ్గు బండ్లు రెండు. అవి పోయేదాకా గ్యాంగు పనిముట్లు పట్టుకుని కట్ట మీద ఎండలో కూర్చుంది. అదే గంటలో ముసలమ్మ గంప పక్కన కూర్చుంది. ఇద్దరూ ఎదురుచూసింది ఒక్కదాని కోసమే, లైను ఎప్పుడు తమకు దొరుకుతుందా అని.

ఈ వ్యాసం రాస్తున్నది పట్టాల పని వద్దని కాదు. ఆ పని మరింత జరగాలని, దానికి కావలసిన గంటలు దొంగచాటుగా కాకుండా అందరూ చదివే టైంటేబుల్‌లో రాసి పెట్టి జరగాలని.

ముందు ఆ పని ఎంత పెద్దదో చెప్పాలి. రైలెక్కే మనలో చాలామందికి తెలియదు, నాకూ తెలియదు, బావ వెంట కట్ట మీద నడిచేదాకా. ఇప్పుడు మెయిన్ లైనులో వేసే పట్టా మీటరుకు 60 కిలోలు. మామూలు పట్టా పొడవు 13 మీటర్లు, అంటే ఒక్కొక్కటి 780 కిలోలు. పట్టాల కింద అడ్డంగా పరిచే కాంక్రీటు స్లీపరు ఒక్కొక్కటి పావు టన్నుకు పైనే. కిలోమీటరుకు 1660 స్లీపర్లు. పట్టాను పట్టి ఉంచడానికి ప్రతి స్లీపరుకు నాలుగు క్లిప్పులు, అంటే కిలోమీటరుకు 6640. కీమన్ అనే మనిషి తన బీటులో, అంటే తనకు అప్పగించిన దూరంలో, రోజూ నడుస్తూ వీటిని చూసుకుంటాడు. పోయేటప్పుడు ఒక పట్టా వెంట, వచ్చేటప్పుడు రెండో పట్టా వెంట. భుజాన సుత్తి, పానా, ఎర్రజెండా, పచ్చజెండా. బీటు ఆరు కిలోమీటర్లనుకుంటే రోజుకు దాదాపు 40 వేల క్లిప్పులు ఆయన కళ్ల ముందు నుంచి పోతాయి. ఏది వదులైందో సుత్తి దెబ్బకు వచ్చే చప్పుడుతో చెబుతారు. బావ కీమన్‌గా చేసిన రోజుల్లో మా ఇంట్లో గడియారం కింద పడి పగిలితే, పక్క గదిలోంచే ‘అద్దం పోలే, చట్రం పోయింది’ అన్నాడు. నిజంగానే చట్రమే పోయింది.

పట్టాకు ఆయుష్షు ఏళ్లలో లెక్కపెట్టరు, దాని మీద నడిచిన బరువులో లెక్కపెడతారు. 60 కిలోల పట్టాకు 800 మిలియన్ టన్నులు, 52 కిలోల పాతదానికి 525. ఏడాదికి 50 మిలియన్ టన్నులు తిరిగే లైను అనుకోండి, 60 కిలోల పట్టా 16 ఏళ్లకు ముసలిదవుతుంది. బరువు పెరిగేకొద్దీ ఆ ఏళ్లు తగ్గుతాయి. మా దారిలో సింగరేణి బొగ్గు, సిమెంటు, బియ్యం పోతాయి. ఉత్తరాదికీ దక్షిణాదికీ నడిచే బండ్లు పోతాయి. 1929లో ఈ లైను మహారాష్ట్రలోని బల్లార్షా దాకా కలిశాక ఢిల్లీ, మద్రాసుల నడుమ నేరుగా దారి ఏర్పడింది, అప్పటి నుంచీ దీనికి ఊపిరాడలేదు. 2022 సెప్టెంబరు నుంచి కాజీపేట, బల్లార్షాల మధ్య గంటకు 130 కిలోమీటర్ల వేగానికి అనుమతి కూడా వచ్చింది. వేగం పెంచామని చెప్పడం సంతోషమే. ఆ వేగాన్ని మోసే పట్టా, దాని కింది కంకర, ఆ కంకర నడుమ పేరుకునే మట్టి, వీటిని చూసుకునే గంటలు కూడా దాంతోపాటే పెరగాలి కదా.

స్టేషన్‌లో బండ్లను పక్కకు తీసి నిలిపే లూపు లైను పక్కన నిలబడి పట్టా నడుము మీద చూస్తే ఉబ్బెత్తు అక్షరాలు కనిపిస్తాయి. భిలాయ్ కార్ఖానా గుర్తు, బరువు, తయారైన నెల, ఏడాది. మెయిన్ లైనులో పని అయిపోయిన పట్టాల్లో బాగున్నవి లూపుల్లోకి వస్తాయి. అక్కడా అయిపోతే కంచె స్తంభాలవుతాయి. మా స్టేషన్ కంచె అంతా అవే.

అతుకు వేయడం ఒకసారి దగ్గరుండి చూశాను, చలికాలం రాత్రి. బావే రమ్మన్నాడు. రెండు పట్టాల కొసల మధ్య అంగుళం సందు వదిలారు. దాని చుట్టూ అచ్చు బిగించి, సందుల్లో తడి ఇసుక మెత్తారు, మా అమ్మ పొయ్యికి మట్టి మెత్తినట్టే, వేళ్లతో నొక్కి నొక్కి. కొసలు ఎర్రబడేదాకా మంటతో కాల్చారు. పైన మూసలో అల్యూమినియం పొడి, ఇనుప తుప్పు పొడి కలిపిన మందు. దానికి నిప్పు పెట్టగానే తెల్లటి వెలుగు లేచింది. అందరూ మొహాలు తిప్పుకున్నారు, నేను తిప్పుకోలేదు, చాలాసేపు కళ్ల ముందు పచ్చటి మచ్చలు ఆడాయి. కరిగిన ఉక్కు అచ్చులోకి దిగింది. అక్కడి నుంచి ఎవరూ మాట్లాడలేదు. గట్టిపడే దాకా నిమిషాలు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డారు. అచ్చు పగలగొట్టి, ఎర్రగా ఉండగానే పైన మిగిలిన ముద్దను చెక్కేశారు. తర్వాత సానపట్టడం. ఒక్క అతుకుకే గంట దాటింది. ఆ నిమిషాల్లో ఒక్కటి కూడా తొందరపెడితే తగ్గేది కాదు. లోహం చల్లారడానికి కంట్రోలు ఆఫీసు చెప్పినా, మంత్రి చెప్పినా పట్టే టైము పడుతుంది.

ఇప్పుడు గంటన్నర అంటే ఏమిటో ఆలోచించండి. అందులో సామాను చేర్చడానికి, జెండాలు కట్టి కాపలా పెట్టడానికి కొంత పోతుంది. పని అయ్యాక అన్నీ తీసి, పట్టా కొలిచి, బండికి అనుమతి ఇవ్వడానికి కొంత. మిగిలేది అతుకుకు కూడా చాలీచాలదు. ఇచ్చిన టైము దాటిపోతే ‘బ్లాక్ బర్స్ట్’ అంటారు. దానికి జవాబు చెప్పుకోవాల్సింది కూడా పని చేసినవాళ్లే.

కంకర మార్చడం ఇంకా పెద్ద తతంగం. స్లీపర్ల కింద నుంచి కంకర తోడి, జల్లెడ పట్టి, మట్టి తీసి, మళ్లీ నింపుతారు. ఆ తర్వాత బండి వెంటనే మామూలు వేగంతో పోకూడదు. మొదట గంటకు 20 కిలోమీటర్లు, తర్వాత 45, 75, ఇలా రోజుల తరబడి మెట్లెక్కి గానీ పాత వేగానికి రాదు. దీన్నే కాషన్ అంటారు. ప్యాసింజర్‌లో కూర్చున్న మనకు ఇది ‘ఎందుకో మెల్లగ పోతున్నది’. ఎవరూ చెప్పరు కాబట్టి తిట్టుకుంటాం.

ఇక టైంటేబుల్ సంగతి. ఇందులోనే నా అసలు ఫిర్యాదు ఉంది.

రైల్వేకు రెండు టైంటేబుళ్లు ఉంటాయి. ఒకటి మనకు కనిపించేది. రెండోది రైల్వే సిబ్బంది లోపల వాడుకునేది, అందులో ప్రతి సెక్షనుకూ పట్టాల పని కోసం కాస్త అదనపు టైము, నిర్వహణ కోసం వదిలిన ఖాళీ గంటలు రాసి ఉంటాయి. అంటే పని గంటలు కాగితం మీద ఉన్నాయి. 2023లో నిబంధన కూడా మార్చి, పనులను 52 వారాల ముందు నుంచే వరసగా ప్రణాళిక వేసుకోవాలన్నారు. మంచి మార్పు అది, మనస్ఫూర్తిగా అంటున్నాను. కానీ ఆ 52 వారాల ప్రణాళికలో ఒక్క ముక్క అయినా మా స్టేషన్ గోడ మీదికి వచ్చిందా? ఏడాది ముందు తెలిసిన పని మాకు తెల్లారి ఆరింటికి, మూసిన కిటికీ అద్దం మీద తెలుస్తోంది.

పైగా బండి సమయానికి నడిచిందా లేదా అన్న లెక్క చివరి స్టేషన్‌లో చూస్తారు. అందుకే ఆలస్యాలను మింగే టైమంతా చివర్లో పోసి పెడతారు. ఏ టైంటేబుల్ అయినా తీసి చూడండి. బయల్దేరేటప్పుడు మొదటి రెండు స్టేషన్ల మధ్య పది, పన్నెండు నిమిషాలు రాసిన దూరానికే తిరుగు బండికి అరగంట దాకా రాసి ఉంటుంది. దారిలో గంట ఆలస్యమైన బండి కూడా చివరికి చాలా వరకు సర్దుకుని వచ్చేస్తుంది. లెక్కలో తప్పులేదు. నడుమ స్టేషన్లలో గంటసేపు నిలబడ్డవాళ్లు ఆ లెక్కలోకే రారు. మాలాంటి ఊళ్లన్నీ నడుమవే. బిజిగిరి షరీఫ్ దర్గాకు పోయేవాళ్లు, ఓదెల మల్లన్నకు మొక్కు చెల్లించుకునేవాళ్లు, జమ్మికుంట పత్తి మార్కెట్‌లో హమాలీ పనికి పోయేవాళ్లు ఎవరూ చివరి స్టేషన్ దాకా పోరు.

2020 మార్చిలో బండ్లన్నీ ఆగాయి. అప్పుడు ఆగక తప్పలేదు. కానీ తిరిగి వచ్చినప్పుడు చాలా ప్యాసింజర్లు ఎక్స్‌ప్రెస్ స్పెషళ్ల పేరుతో వచ్చాయి. పది రూపాయల కనీస టికెట్ ముప్పై అయింది. బండి అదే, పెట్టెలు అవే, వేగం అదే. 2024 ఫిబ్రవరిలో మళ్లీ పదికి దిగింది. ఆ నాలుగేళ్లలో కొందరు మోటారు సైకిళ్లు కొన్నారు, కొందరు పని మానుకున్నారు. ఆ తర్వాత ‘ప్యాసింజర్‌లో జనం లేరు’ అన్న మాట మొదలైంది. బండి ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో లేదో తెలియకపోతే జనం ఎట్లా ఉంటారు?

ఈ విషయంలో నాకు కొత్త చూపు ఇచ్చింది కొంకణ్ లైను. ఒక జూలైలో స్నేహితులతో మడ్‌గావ్ నుంచి రత్నగిరి దాకా వెళ్లాను. అది సముద్రతీరం వెంబడి, కొండలు తొలిచి 1998 నాటికి పూర్తి చేసిన దారి. ఎక్కువ భాగం ఒంటి లైను. వానాకాలం కొండచరియలు విరిగి పట్టాల మీద పడతాయి. 2003లో, 2004లో అట్లా పెద్ద ప్రమాదాలు జరిగి ప్రాణాలు పోయాయి. ఇప్పుడు అక్కడ వానాకాలానికి వేరే టైంటేబుల్ ఉంది. చాలా ఏళ్లు జూన్ 10 నుంచి అక్టోబర్ 31 దాకా నడిచింది, 2025లో తేదీలు కాస్త కుదించారు. వేగం తగ్గిస్తారు, తగ్గించిన వేగానికి తగ్గట్టే టైములు రాస్తారు. బండి గంటల తరబడి ఎక్కువ తీసుకుంటుంది, ఆ సంగతి టికెట్ కొన్నప్పుడే తెలుసు. వానలో ఒక కొండ కోత దగ్గర రెయిన్‌కోటు వేసుకుని, చేతిలో జెండాతో ఒక కాపలా మనిషి నిలబడి ఉన్నాడు. మా పెట్టెలో ఒక ముసలాయన కిటికీలోంచి ఆయనకు చెయ్యి ఊపాడు. ఎవరి మొహంలోనూ విసుగు లేదు. ‘బండి మెల్లగా పోతోందేంటి’ అని ఒక్కరూ అనలేదు.

అక్కడ వానను టైంటేబుల్‌లో రాసుకున్నారు. మా దగ్గర ఎండను ఎందుకు రాసుకోకూడదు? రామగుండంలో మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. పట్టా గాలికంటే ఇంకా కాలుతుంది. కిలోమీటరు పట్టా 40 డిగ్రీలు వేడెక్కితే, అడ్డు లేకపోతే, దాదాపు 46 సెంటీమీటర్లు సాగుతుంది. అతికిన పొడుగు పట్టాను అట్లా సాగనివ్వకుండా పట్టి ఉంచేది క్లిప్పు, స్లీపరు, కంకర. మధ్యాహ్నం పట్టా వంకర పోతుందేమోనని ఎండలో కాపలా తిరిగేది గ్యాంగు. ఏ నెలలో ఏ పని చేయొచ్చో, ఏది చేయకూడదో వాళ్లకు తెలుసు. ఎండాకాలం కాషన్లు ఉంటాయని అందరికీ తెలుసు. తెలిసినదాన్ని రాయడానికి అడ్డేమిటి?

వానకైనా, ప్రమాదాలకైనా మేం అతీతులం కాదు. 2024 సెప్టెంబరు 1న కేసముద్రం, ఇంటికన్నెల మధ్య వరద పట్టాల కింది కంకరనూ మట్టినీ ఊడ్చుకుపోతే, పట్టాలు స్లీపర్లతో సహా గాలిలో వేలాడాయి. అదే ఏడాది నవంబరు 12 రాత్రి రాఘవాపురం దగ్గర ఉక్కు చుట్టల గూడ్సు పడిపోయింది, 11 వ్యాగన్లు. రెండుసార్లూ రాజధానీ లేదు, ప్యాసింజరూ లేదు, అన్నీ ఆగాయి లేదా దారి మళ్లాయి. వందల మంది రాత్రింబవళ్లు పని చేసి లైను నిలబెట్టారు. వాళ్లకు ఆ రోజుల్లో గంటలు ఎవరూ లెక్కపెట్టి ఇవ్వలేదు. ఆపద వచ్చినప్పుడు దొరికే టైము మామూలు రోజున రోజుకు మూడు గంటలు దొరకదంటే నేను ఒప్పుకోను.

నా మాటకు అడ్డం చెప్పేవాళ్లు ఉన్నారు, వాళ్ల మాటలో నిజమూ ఉంది. ఎక్స్‌ప్రెస్‌ను ఇక్కడ ఆపితే నాగపూర్‌లో దాని వంతు తప్పుతుంది, ఆ పైన ఇటార్సీలో తప్పుతుంది. అందులో వెయ్యి మందికి పైగా ఉంటారు. ప్యాసింజర్ ఇక్కడే పుట్టి ఇక్కడే ఆగుతుంది కాబట్టి రద్దు చేయడం తేలిక. ఇది నిజమే. కానీ తేలిక కాబట్టి ప్రతిసారీ దాన్నే రద్దు చేయాలా? లైను రెండు పట్టాల జతలు, కొన్నిచోట్ల మూడో లైను కూడా వచ్చింది. ఒక లైను మీద పని జరుగుతుంటే రెండో దాని మీద బండ్లు రెండు వైపులా నడపడం రైల్వేకు కొత్త కాదు. ప్యాసింజర్‌ను మొత్తం రద్దు చేసే బదులు పని జరిగే చోటు దాకా ఇటు నుంచి ఒకటి, అటు నుంచి ఒకటి నడపొచ్చు. లేదా గంట ముందుకు జరపొచ్చు. ఐదింటికి బండి అని వారం ముందు చెబితే మా ఊరివాళ్లు నాలుగున్నరకే స్టేషన్‌లో ఉంటారు. పల్లెకు పొద్దున లేవడం కష్టం కాదు.

‘ఆడవాళ్లకు బస్సు ఉచితం చేసినంక ప్యాసింజర్ ఎందుకు?’ అని కూడా అంటున్నారు. 2023 డిసెంబరు నుంచి మా అమ్మ కూడా ఆ బస్సు ఎక్కుతోంది, మేలే జరిగింది. కానీ బస్సు మా ఊరి దాకా రోజుకు రెండుసార్లే వస్తుంది. ఆకుకూర గంప, పాల క్యాన్లు బస్సులో ఎక్కనివ్వరు. స్టేషన్ పక్కన పుట్టిన ఊరికి స్టేషనే దారి.

మూడో లైను వస్తే అన్నీ తీరతాయనేది ఇంకో మాట. కాజీపేట, బల్లార్షాల మధ్య 2015–16లో మంజూరైన పని అది. రావాలి, త్వరగా రావాలి. కానీ మూడో లైనుకూ కంకర ఉంటుంది, పట్టాలుంటాయి, వాటికీ గంటలు కావాలి. గంటలు వదలడం ఇప్పుడే నేర్చుకోకపోతే మూడు లైన్లూ నింపేసి మళ్లీ ఇదే మాట అంటాం.

రైల్వేకు రాసిన అర్జీలో మేం అడిగేది ఇంతే. ఏ రోజుల్లో ఏ గంటల్లో లైను పని ఉంటుందో నెల ముందు స్టేషన్ గోడ మీద, బండి టైముల పక్కనే రాయాలి. ఆ గంటలు రాశాక వెనకబడిన ఏ ఎక్స్‌ప్రెస్ కోసమూ వాటిని గ్యాంగు నుంచి లాక్కోవద్దు. వరుసగా రెండు రోజులు ఒకే ప్యాసింజర్‌ను రద్దు చేయొద్దు. నడుమ స్టేషన్లలో ఆలస్యాన్ని కూడా ఆలస్యంగానే లెక్కపెట్టాలి.

బావకు చదివి వినిపించాను. రెండో దాని దగ్గర ‘గిది అయితదా?’ అన్నాడు, నమ్మకం లేనట్టు. కొంచెం ఆగి, ‘అయితే మాత్రం మేం రాత్రి పూట సుత్తి పట్టుకొని ఉరుకుడు వుండదు’ అన్నాడు. బావ తాను సంతకం పెట్టకూడదన్నాడు, ఉద్యోగి కదా. ఊళ్లో నలభై ఒక్క మంది పెట్టారు.

ఆకుకూరల ముసలమ్మ దగ్గరికి కాగితం తీసుకుపోయి అంతా వివరించాను. గోడ మీద రాయాలన్న చోట ఆమె ఆపింది. ‘గోడ మీద రాస్తే నాకేం ఎరుక బిడ్డా? పొద్దుగూకి బండి దిగినప్పుడే, రేపు బండి లేదని నోటితోని చెప్పుమను’ అంది. నాకు ఆ ఆలోచనే రాలేదు. అక్కడే గంప అంచు మీద కాగితం పెట్టి, సంతకాల పైన మిగిలిన కొద్ది జాగాలో ఆ మాట కూడా రాశాను. ఆమె వేలిముద్ర దాని పక్కనే పడింది, కొంచెం గోంగూర పసరుతో సహా.